తలకట్టు దగ్గర ఆగిన వేలు

పోయిన వారం ఇంటికి పేరుపలక చేయిద్దామని బజారులో మెషీన్ మీద అక్షరాలు కోసే కొట్టుకు వెళ్ళాను. అక్కడి కుర్రవాడు కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు రకరకాలుగా జరిపి చూపిస్తూ, ఏది కావాలో చెప్పమన్నాడు. నేను ఒక్కొక్కదాన్నీ ఆపి చూస్తుంటే అతనికి విసుగొచ్చింది. "ఏదైతే ఏముందిలే మేడమ్, అన్నీ ఒకటే గదా. తలకట్టు దగ్గర రవ్వంత తేడా, అంతే" అన్నాడు. ఆ రవ్వంత తేడా వల్ల ఒక మనిషి ఉలి కింద పెట్టేశాడని అతనికి చెప్పాలనిపించింది. చెప్పి ఏం లాభం, వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఏదో ఒకటి వేయమని బయటికి వచ్చేశాను. ఇంటికి నడిచినంతసేపూ నా కుడిచేతి చూపుడువేలు బొటనవేలిని గీరుతూనే ఉంది. భయపడ్డప్పుడు అది నాకు చిన్నప్పటి అలవాటు.

నా చిన్నప్పటి మాట. అప్పటికి మా ఊరి బంగారు గనులు మూతపడి కొన్నేళ్ళయింది. షిఫ్టు మారినప్పుడల్లా కూసే సైరను లేదు. గని కంపెనీ కట్టిన మా లైన్ ఇళ్ళలోని మగవాళ్ళు తెల్లవారకముందే లేచి, డబ్బాలు సంకన పెట్టుకొని బెంగళూరు రైలెక్కేవాళ్ళు. మా నాయనా అంతే. భూమి అడుగున డ్రిల్లు పట్టిన మనిషి, అక్కడ ఏదో అద్దాల మేడ ముందు యూనిఫాం వేసుకొని కార్లకి గేటు తీసేవాడు. పగలు ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళం, పిల్లలం, ముసలివాళ్ళు, బంగారం తీయగా మిగిలిన పొడితో లేచిన తెల్లటి సైనైడ్ దిబ్బలు. గాలి లేస్తే ఆ దిబ్బల మీది సన్నటి పొడి వచ్చి సంగటిలో పడేది, ఆరేసిన బట్టల మీద పడేది. అమ్మ ఆ దుమ్మును తిట్టినంతగా నన్ను కూడా తిట్టలేదు. నన్ను తక్కువేం తిట్టలేదు.

పగటిపూట మా ఇంట్లో పనిచేసే మగమనిషి తాత ఒక్కడే. అమ్మకు తండ్రి. రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు. కంపెనీ నడిచినన్నాళ్ళూ ఆఫీసుల పునాదిరాళ్ళు, దారి పక్క రాళ్ళు చెక్కాడు. ఆ తరువాత ఆయనకు మిగిలినవి సమాధి రాళ్ళే. "గనులైతే మూస్తారు గానీ చావుల్ని మూయరు గదా" అనేవాడు. పెరట్లో కానుగ చెట్టు కింద రెండు రైలుపట్టాల దిమ్మలు వేసి, వాటి మీద పలక పడుకోబెట్టి పని మొదలుపెడితే, ఉలి పడ్డచోట రాతినుంచి కాల్చిన అగ్గిపుల్ల వాసన వచ్చేది. పొయ్యి మీద ఉలవచారు, పెరట్లో ఈ వాసన. ఇప్పటికీ ఉలవచారు తాగేటప్పుడు పంటికింద రాతిపొడి తగులుతుందేమోనని చూసుకుంటాను.

బడిలో నాది కన్నడం. తెలుగు నేర్పింది తాతే. చేటలో రాగిపిండి పలుచగా పరిచి, నా వేలు పట్టుకొని దిద్దించేవాడు. అక్షరాన్ని ఆయన మనిషిలాగే చెప్పేవాడు. తల, మెడ, పొట్ట, నడుము, కాలు. వత్తు పడితే దాన్ని చంకబిడ్డ అనేవాడు. గీతను చూడవద్దనీ, గీత నడుమ మిగిలిన ఖాళీని చూడమనీ మొట్టికాయ వేసి మరీ చెప్పేవాడు. మొట్టికాయ పడితే చేట ఎగిరేది, పిండంతా పోయేది, అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. ర, వ, సున్న లాంటివి రాతి మీద ప్రాణం తీసే అక్షరాలని ఆయనే చెప్పాడు. వాటి పొట్ట నడుమ మిగిలే రాతిని ఆయన గింజ అనేవాడు. చుట్టూ చెక్కుకుంటూ వస్తే ఆ గింజ టప్పున ఊడి ఎగిరిపోతుంది, ఇంక ఆ అక్షరం గుంటే. అందుకని లోపలి అంచు మొదలు, బయటి అంచు తరువాత. ర అక్షరం కన్నడానికీ మనకూ పొట్ట ఒకటే, తలే వేరు. "కన్నడం తలమీద తువాలు పరుచుకోని అడ్డంగా పండుకుంటాది, మనది కిందికి దిగి తల ఎగరేస్తాది" అని నవ్వేవాడు.

ఆయన చూపు పోయిన సంగతి నా అల్లరి వల్లే బయటపడింది. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక, కొవ్వొత్తి మైనం తీసి ఆయన కళ్ళద్దాలకు రెండువైపులా దట్టంగా పూసి పెట్టాను. పెట్టుకొని ఒక కేక వేస్తాడు, నేను కానుగ చెట్టెక్కేస్తాను, ఇదీ నా పథకం. తాత కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కాఫీ తాగాడు. ఎండలో కూర్చొని ఉలులు నూరాడు. సాయంత్రందాకా ఆ మైనం అద్దాలతోనే తిరిగాడు. మొదట నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆగిపోయింది. దగ్గరికి పోయి కళ్ళద్దాలు తీసి, పావడాతో తుడిచి మళ్ళీ పెట్టాను. నా చెయ్యి తగలగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. రెండు కళ్ళకూ పొర కమ్మిందని, వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదని మెల్లగా చెప్పాడు. మా నాయన అప్పటికే ఒకసారి, నీ వేలు తెగిందంటే ఆ ఉలులన్నీ తీసుకుపోయి పాత గని షాఫ్టులో వేసేస్తానని బెదిరించి ఉన్నాడు. ఆస్పత్రి మాట ఎత్తితేనే తాతకు వణుకు. "ఎవురికీ చెప్పగాకు పాపా. నాకు వేళ్ళుండాయి, నీకు కళ్ళుండాయి" అన్నాడు.

ఆ రోజునుంచి ఇద్దరం కలిస్తే ఒక పనివాడు. నేను రాతిమీద ఎర్రమట్టి జాజుతో అక్షరం గీసేదాన్ని. ఆ గీత వెంబడే పాత సూదిఉలితో సన్నగా గీరేదాన్ని. తాత ఆ గీరును ఎడమచేతి వేలితో వెతుక్కుంటూ, కుడిచేత్తో కొట్టుకుంటూ పోయేవాడు. చూసేవాళ్ళకు ఆయనే చెక్కుతున్నాడు, నేను పక్కన కూర్చొని దుమ్ము ఊదుతున్నాను. అమ్మకు కూడా అనుమానం రాలేదు. వచ్చినా నోరు మూసుకుందేమో, ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

అలా ఉండగా వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక అవ్వ వచ్చింది. మా లైనుకు రెండు వీధుల అవతల ఉండే మనిషి. ఆమె కొడుకు గని లోపల రాయి పేలి చనిపోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఆ కొడుకు సమాధిరాయి తాతే చెక్కాడు. ఇప్పుడు భర్త పోయాడు. కొడుకు పక్కనే గుంట దొరికింది. నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండగలోగా రాయి నిలబెట్టాలి, అదీ ఆమె కోరిక. ఆమెకు చదువు రాదు. ఆ మాట తనే చెప్పి, ఇంకో మాట కూడా చెప్పింది. దిబ్బల దుమ్ము వచ్చి అక్షరాల్లో కూరుకుపోతుందట. ప్రతి ఆదివారం తడిగుడ్డ తీసుకుపోయి, కొడుకు పేరులో ఒక్కొక్క గుంటలో వేలు పెట్టి ఆ దుమ్ము తీస్తుందట.

"నా బిడ్డ పేరు నాకు వేలికి తెలుసన్నా" అంది తాతతో. "వాళ్ళ నాయన పేరు కూడా అదే చేత్తో రావల్ల. ఇంగొకరు చేస్తే నాకు తెలిసిపోతాది."

తాత సరేనన్నాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఇన్నాళ్ళూ మేము మోసం చేసింది కళ్ళను. ఈమె వేళ్ళతో చదివే మనిషి.

కొడుకు రాతి మీది అక్షరాల పోలిక తెచ్చుకోవడానికి తాతను చెయ్యి పట్టుకొని సమాధుల తోటకు తీసుకుపోయాను. పలక మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే అక్షరం అచ్చుగా దిగుతుంది. తాత దగ్గరికి రాలేదు. మోకాళ్ళ నొప్పి అని గేటు దగ్గరే గట్టు మీద కూర్చున్నాడు. ఒకసారి చేత్తో తడిమి చూసుకో తాతా అంటే, నేను చెక్కింది నాకు తెలవదా అని కసిరాడు. నేనొక్కదాన్నే రుద్దుకొని వచ్చాను. ఆ బొగ్గు కాగితంలో ఆయన చేతివాటమంతా కనబడింది. తలకట్టు మొదలు బియ్యపుగింజంత లావు, చివర సన్నటి ముల్లు. పొట్టకూ తలకూ నడుమ దారమంత ఎడం. అలా ఎడం లేకపోతే రాయి ఆ మూల పెళ్ళగిలుతుందని, అందం కోసం కాదని తాత చెప్పాడు. అవ్వ భర్త పేరులో ర రెండుసార్లు వస్తుంది. పేర్లు ఇక్కడ రాయను. అవి ఆ రాళ్ళ మీద ఉంటే చాలు.

టేకల్ రాతిక్వారీల వైపునుంచి బూడిదరంగు పలక వచ్చింది. అవ్వ ఆ పలక కోసం ఉన్న ఒక్క పాడిఆవును అమ్ముకుందని అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఇంకొకటి కొనే దారి లేదు. మేము రోజుకు రెండక్షరాల చొప్పున సాగాం. తాత వేలు గీరు మీద ఆగితే నేను దుమ్ము ఊదడం ఆపేదాన్ని. మొదటి ర గింజ చెక్కుచెదరకుండా వచ్చిన రోజు ఇద్దరం పెరట్లో కూర్చొని వేయించిన అనపగింజలు ఒక పొట్లం పూర్తి చేశాం. ఇంక ఒక్క అక్షరం మిగిలింది. రెండో ర. పండగకు మూడు రోజులుంది.

ఆ రోజు పొద్దున తాతకు జ్వరం తగిలింది. రాతిపొడి పట్టిన ఊపిరితిత్తులు, దగ్గు మొదలైతే మంచం కదిలేది. మర్నాడు పలకను బండి మీద సమాధుల తోటకు చేర్చి నిలబెట్టాలి. మనుషులకు చెప్పేసి ఉంది. మధ్యాహ్నం అమ్మ మాత్ర వేసి పడుకోబెట్టి, నానిన అనపకాయల గింజలు పితకడానికి పక్కింటి వాకిట్లో కూర్చుంది. నేను పెరట్లో పలక ముందు నిలబడ్డాను. జాజు గీతా లేదు, గీరూ లేదు. అన్ని అక్షరాలూ ఉండి, చివర ఒక్క ఖాళీ.

ఆ వారమంతా బడిలో కన్నడ రాజ్యోత్సవానికి బోర్డు రాయించారు. నా రాత గుండ్రంగా ఉంటుందని మేష్టరు నన్నే ఎంచాడు. నాలుగు రోజులు సుద్దముక్కతో అరచెయ్యంత కన్నడ అక్షరాలు రాసీ రాసీ నా చెయ్యి ఆ మలుపులకే అలవాటుపడిపోయింది. అది అప్పుడు నాకు తోచలేదు. తోచింది ఒక్కటే: తాత లేవలేకపోతే నలుగురిలో ఆయన పరువు పోతుంది, అది నేను ఆపగలను. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. నేను కూడా చెక్కగలనని నాకు గర్వం ఉండింది.

పొట్ట గీశాను. గీరాను. లోపలి అంచు మొదలుపెట్టి చిన్న ఉలితో గోరంత గోరంత కొట్టాను. ప్రతి దెబ్బకూ ఆగి, తాత దగ్గు వినబడుతుందేమోనని చెవి పెట్టాను. బయటి అంచు తిరిగివచ్చేసరికి మణికట్టు లాగేస్తోంది, కానీ గింజ నిలిచింది. అంత సంతోషం ఆ తరువాత నాకు ఏ పరీక్ష పాసైనా రాలేదు. ఆ ఊపులో తల కూడా చెక్కేశాను, గీయకుండానే. దుమ్ము ఊది రెండడుగులు వెనక్కి వేసి చూశాను.

తెలుగు పేరు చివర కన్నడ తల అడ్డంగా పడుకొని ఉంది.

బడి పలకమీద సుద్ద కాదు తుడిచేయడానికి. రాతిలో పడ్డది పడ్డట్టే. అమ్మకు చెబుదామని వాకిటిదాకా పరుగెత్తి తిరిగొచ్చాను. ఏడ్చాను కూడా. తరువాత నాలోని దొంగబుద్ధి లేచింది. పలక కింద రాలిన రాతిపొడి ఊడ్చి, నాయన విరిగిన కుర్చీ అతికించడానికి తెచ్చిన జిగురులో కలిపి, ఆ అడ్డగీతను నింపేశాను. ఆరాక ఇసకకాగితంతో రుద్దితే కంటికి రాయే. దాని మీద నల్లరంగుతో కిందికి దిగి పైకి లేచే తెలుగు తలకట్టు వేశాను. మిగతా అక్షరాలన్నిటికీ కూడా రంగు నింపాను. ఎవరు చూసినా ఒకే చెయ్యి. చూస్తే మాత్రమే.

తాతకు సాయంత్రం జ్వరం దిగింది. లేచి గోడ పట్టుకొని పెరట్లోకి వచ్చి, మిగిలిన అక్షరం ఏం చేద్దామన్నాడు. నువ్వే చెక్కావు కదా, జ్వరంలో నీకు గుర్తులేదు అని చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు. అందుకని ఇంకో అబద్ధం చెప్పాను. నీ దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ ఒకాయన అటుగా వస్తే అమ్మ బతిమాలి చేయించిందన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "వానికి నా తలకట్టు తెలుసులే" అని తనకు తనే చెప్పుకున్నాడు. తడిమి చూడబోతే, రంగు తడిగా ఉంది తాతా అని చెయ్యి పట్టుకున్నాను. మర్నాడు బండి వచ్చినప్పుడు కూడా అదే మాట. చిన్నప్పటినుంచి మైనం, మిరపకాయలు, తేళ్ళబొమ్మలతో ఆయన్ని ఏడిపించాను గానీ, అలా చెయ్యి పట్టుకొని ఆపింది అదే మొదటిసారి.

సమాధుల పండగ రోజు మా ఊళ్ళో పొద్దున్నే సున్నం వాసన. సమాధులకన్నిటికీ తెల్లగా వెల్ల వేస్తారు. చామంతులు, సాంబ్రాణి, కొవ్వొత్తులు. బెంగళూరు రైలెక్కే మగవాళ్ళు ఆ ఒక్కరోజు సెలవు పెట్టి చొక్కాలు ఇస్త్రీ చేసుకొని వస్తారు. అరవంలో ఒకరు, తెలుగులో ఒకరు, ఎవరి మాటలో వాళ్ళు పాటలు పాడుకుంటారు. నాకు ఇవేవీ ఆ రోజు కనబడలేదు. అవ్వ చెయ్యే కనబడింది. ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లి ప్రార్థన చెప్పినంతసేపూ ఆమె కొంగు కింద ముడుచుకొని ఉంది ఆ చెయ్యి. కొత్తరాయి దగ్గర తాతను కుర్చీలో కూర్చోబెట్టారు. నలుగురూ బాగుందన్నారు. ఎవరో ఆయన భుజం తట్టారు. మా నాయన కూడా మొదటిసారి గర్వంగా నిలబడ్డాడు.

ఫాదర్ పక్క సమాధికి జరగగానే అవ్వ మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి అక్షరంలో వేలు పెట్టింది. కొడుకు రాతి వైపు ఒకసారి చెయ్యి చాపి తడిమి, మళ్ళీ ఇటు వచ్చింది. తల ఆడించింది. రెండో అక్షరం, మూడో అక్షరం. మొదటి ర మీద ఆగి పొట్ట చుట్టూ వేలు తిప్పి, చిన్నగా నవ్వింది. నేను బొటనవేలు గీరుకుంటూ చామంతుల బుట్ట వెనక నిలబడ్డాను. చివరి అక్షరం దగ్గర ఆమె వేలు పొట్ట తిరిగి పైకి పోయింది. ఆగింది. మళ్ళీ పోయింది. మళ్ళీ ఆగింది.

"ఈ అక్షరానికి తల యాడన్నా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తల ఉంది కదవ్వా, నల్లగా కనబడుతోంది కదా అన్నారు. ఆమె వాళ్ళ వైపు తిరగలేదు. తాత చెయ్యి పట్టుకొని తెచ్చి ఆ అక్షరం మీద పెట్టింది. తాత వేలు పొట్టలోకి దిగింది. పైకి పోయి, నునుపుగా ఉన్నచోట నిలిచింది. గోరుతో గీరితే అడుగున పూడ్చిన అడ్డగీత అంచు దొరికింది. ఆ గీత వెంబడి ఒక చివరినుంచి ఇంకో చివరికి, అడ్డంగా, మెల్లగా వేలు జరిపాడు. ఆ తల ఎవరిదో, ఏ బడిలో నేర్చుకున్నదో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. ముఖం నా వైపు తిప్పలేదు.

"నాదేమ్మా. కండ్లు కనపడ్లే, చెయ్యి తప్పింది" అన్నాడు, అందరికీ వినబడేటట్టు. "రెండేండ్లుగా కనపడ్లే. చెప్పుకోలేక పోయినాను."

మా నాయన తల దించుకున్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ముందుకు వచ్చి, కాదు, నేను అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రాలేదు. నాకు ఇప్పుడు ఇంత వయసొచ్చినా ఆ చామంతుల బుట్ట వెనక నిలబడ్డ పిల్లను క్షమించాలనిపించదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, ముసలాయన చూపు పోయిందట, చెయ్యి పోయిందట అని. ఒక రాయి చేయమని అడిగి ఉన్నవాళ్ళు ఇంకెవరితోనో చేయించుకుంటామని కబురు పంపారు. నాయన ఉలులు షాఫ్టులో వేయలేదు. ఆ అవసరం రాలేదు. తాతే వాటిని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టమన్నాడు.

నేను పెరట్లో ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని చెప్పాను, నేనే చెక్కానని.

"తెలుసు" అన్నాడు. "నా చెయ్యి ఎప్పుడూ అంత భయపడ్లే. గోరంతకొక దెబ్బ." మళ్ళీ తనే, "నలుగురిలో నేను చెప్పింది నీకోసరం. ఆ తల్లికి మాత్రం అబద్ధం ఉండకూడదు. రేపు పొద్దున పొయ్యి నిజం చెప్పేసి రా. ఒక్కదానివే పో" అన్నాడు.

మర్నాడు పోయాను. రెండు వీధులు నడవడానికి ఎంతసేపు పట్టిందో. అవ్వ వాకిట్లో రాగులు చెరుగుతోంది. పక్కనే ఖాళీ ఆవుకొట్టం. అది చూసేసరికి నేను తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. ఏడుస్తూనే చెప్పేశాను, అద్దాలకు మైనం పూసినదగ్గరనుంచి అంతా, తాతకు చెప్పిన అబద్ధాలతో సహా. ఆమె చేట పక్కన పెట్టి, నా కుడిచెయ్యి తీసుకొని వేళ్ళు తడిమింది. ఉలి పట్టిన చోట పొక్కులు ఇంకా ఆరలేదు.

"నొప్పిగా ఉండాదా?" అంది.

లేదన్నాను. ఉంది.

"కూర్చో. నీకొకటి చెప్తాను. మీ తాతకి చెప్పగాకు" అంది. "నా కొడుకు పేర్లో ఒక సున్న ఉండాది. దాని నడుమ ఉండేది రాయి కాదు పాపా. జిగురు. రాతిపొడి కలిపి అతికించినాడు మీ తాత, పైన రంగు పూసినాడు. ఒక ఎండాకాలం నేను దుమ్ము తీస్తా ఉంటే అది ఊడి నా చేతిలోకొచ్చింది."

అప్పుడు ఆయనకు కళ్ళు బాగా ఉన్న రోజులు కదా అని అడిగాను.

"కండ్లుంటే ఏమి. గనిలోనించి నా బిడ్డను దుప్పట్లో చుట్టి తెచ్చినారు. ఆ వారమే రాయి అడిగితిమి. మీ తాత వాణ్ణి ఎత్తుకోని ఆడించినాడు. ఇంగ చెయ్యి యాడ నిలుస్తాది?" అంది. "నేను అడగలే. ఆయన చెప్పలే. ఏటేటా పండగ ముందర నేనే కొవ్వొత్తి మైనం పెట్టి దాన్ని మళ్ళా అతికిస్తా ఉండాను. ఆ సున్న దగ్గరే నా వేలు ఎక్కువసేపు నిలుస్తాది. తండ్రి రాయి మీద కూడా ఒకటి ఉండనీ. మార్చొద్దు."

నాకు ఒక చేరెడు మరమరాలు, బెల్లంముక్క పెట్టి పంపింది. వాటిని తినలేదు, పావడా కుచ్చిళ్ళలో పోసుకొని ఇంటికి నడిచాను. మోకాళ్ళ నొప్పి అని తాత గేటు దగ్గరే ఎందుకు కూర్చున్నాడో ఆ దారిలో తెలిసింది.

ఆయన ఖాళీ దిమ్మల పక్కన కూర్చొని నాకోసమే కాచుకొని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తాడు.

"కోపం చేసిందా?"

"లేదు తాతా. ఉండనీ, మార్చొద్దు అన్నాది."

తల ఆడించాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పొర కమ్మిన ఆ రెండు కళ్ళూ నా ముఖం ఎక్కడుందో వెతుకుతున్నాయి.

"ఇంగేమన్నా అన్నాదా? కొడుకు రాయి గురించి... ఏమన్నా?"

"ఇంగేమీ అనలే" అన్నాను.

ఆయన దిమ్మ మీది దుమ్ము అరచేత్తో తుడిచి, అమ్మను కాఫీ పెట్టమని చెప్పు పో అన్నాడు. ఆ తరువాత ఆరేళ్ళు బతికాడు. ఒక్క అక్షరమూ చెక్కలేదు, నాకు చెక్కడం నేర్పమంటే నేర్పలేదు. ఆ సున్న సంగతి మాత్రం ఆమెకు తెలియదనే అనుకొని పోయాడు. తాతకు నేను చెప్పిన అబద్ధాలు లెక్కలేనన్ని. వాటిల్లో ఆ ఒక్కదాన్ని, మళ్ళీ అడిగినా మళ్ళీ చెబుతాను.